అడిపేట్ నేర్పిన లెక్క: నెట్ కెమికల్ సైన్సెస్‌లో వలయ నిర్మాణ చర్యలు

సైన్స్‌లో పరిశోధనకు, అధ్యాపక ఉద్యోగాలకు అర్హత తేల్చే జాతీయ పరీక్ష సీఎస్ఐఆర్ నెట్. దాని కెమికల్ సైన్సెస్‌లో నాకు మూడో ప్రయత్నంలో జేఆర్ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) వచ్చింది. సిలబస్, పేపర్ పద్ధతి మీకు తెలిసినవే కనుక వాటి జోలికి వెళ్ళకుండా, రెండో ప్రయత్నంలో నన్ను దెబ్బతీసిన కర్బన వలయాల గురించే రాస్తాను.

అప్పుడు ఐదు మార్కుల లోపు తేడాతో కటాఫ్ తప్పింది. ప్రశ్నపత్రంలో చివరి భాగమైన పార్ట్ సిలో ఒక జవాబు తప్పితే రావలసిన నాలుగు మార్కులు రాకపోగా చేతిలో ఉన్నది ఒకటి పోతుంది. అంటే నేను పోగొట్టుకున్నది ఒకే ఒక్క ప్రశ్న. అది డీక్‌మాన్ సంఘననం మీద వచ్చింది, అంటే ఒకే అణువులోని రెండు ఎస్టర్ సమూహాలు కలిసి వలయంగా మారే చర్య. డైఇథైల్ అడిపేట్‌లో ఎస్టర్ కార్బన్లతో కలిపి ఆరు కార్బన్ల గొలుసు ఉంది కదా అని, ఆరు కార్బన్ల వలయం ఉన్న ఆప్షన్‌ను గుర్తించాను. మెకానిజం (చర్య అంచెలంచెలుగా నడిచే తీరు) రాక కాదు, ఎలక్ట్రాన్ల కదలికను చూపే ఆ బాణాలు ఎన్నోసార్లు గీసినవాణ్ణే. ఏ కార్బన్ వలయంలోకి వెళ్తుంది, ఏది బయట మిగులుతుంది అన్నది మాత్రం ఏనాడూ లెక్కపెట్టలేదు.

ఫలితం వచ్చిన రాత్రి అదే అణువును తెల్లకాగితం మీద వేసి, ఒక చివర నుంచి 1 మొదలు 6 వరకు అంకెలు వేశాను. సోడియం ఇథాక్సైడ్ 2వ కార్బన్ దగ్గరి ప్రోటాన్‌ను లాగేస్తే, ఆ కార్బన్ వెళ్ళి 6వ కార్బన్‌ను పట్టుకుంటుంది. వలయంలో 2 నుంచి 6 వరకు ఉంటాయి, 1వది ఎస్టర్‌గా బయటే నిలుస్తుంది, కనుక వచ్చేది ఐదు కార్బన్ల వలయమే. అదే అడిపేట్‌ను మరిగే టోలీన్‌లో సోడియం లోహంతో ఎసిలాయిన్ సంఘననానికి పెడితే 1, 6 కార్బన్లే ఒకదానితో ఒకటి కలిసి 2-హైడ్రాక్సీసైక్లోహెక్సనోన్ ఇస్తాయి. అడిపిక్ ఆమ్లాన్ని బేరియం హైడ్రాక్సైడ్‌తో సుమారు 290 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడిచేస్తే ఒక కార్బన్ కార్బన్ డైఆక్సైడ్‌గా పోయి సైక్లోపెంటనోన్ మిగులుతుంది. అప్పటిదాకా విడివిడిగా బట్టీపట్టిన నేమ్ రియాక్షన్లు ఆ ఒక్క పేజీలో నాకు ఒక లెక్కలోకి వచ్చాయి.

ఉన్న వలయానికి మరో వలయాన్ని జోడించే రాబిన్సన్ ఎన్యులేషన్‌నూ అలాగే చదివాను. 2-మిథైల్‌సైక్లోహెక్సనోన్ నుంచి రెండు కార్బన్లు, మిథైల్ వినైల్ కీటోన్ నుంచి నాలుగు కలిసి కొత్త వలయం అవుతుంది. ఎక్కువ ప్రతిక్షేపితమైన (హైడ్రోజన్‌కు బదులు మిథైల్ ఉన్న) కార్బన్ దాడి చేస్తుంది కాబట్టి మిథైల్ రెండు వలయాల కూడలిలో ఉంటుంది. నీరు పోయాక ఫార్ములా C11H16O కావాలి, కాకపోతే ఎక్కడో ఒక కార్బన్‌ను వదిలేశారన్నమాట.

డైఈన్ (రెండు ద్విబంధాలున్న అణువు), ద్విబంధమున్న మరో అణువు కలిసి ఆరు పరమాణువుల వలయంగా మారే డీల్స్-ఆల్డర్ చర్య 1928 నాటిది, 1950లో నోబెల్ అందుకున్నది. దానిలో ఆర్థో-పారా నియమం (సమూహాలు వలయంలో ఏ స్థానాల్లో చేరతాయో చెప్పేది), ఎండో ప్రాధాన్యం (రెండో అణువు మీది సమూహం డైఈన్ వైపుకు తిరిగి ఉండటం) చూసుకుంటే చాలావరకు సరిపోతుంది. ఫ్యూరాన్, మాలియిక్ ఎన్‌హైడ్రైడ్ కలిసినప్పుడు మాత్రం చర్య వెనక్కి కూడా నడుస్తుంది కనుక చివరికి ఎక్సో (ఎండోకు వ్యతిరేక దిశలో ఉన్నది) మిగులుతుందని మరిచిపోకండి. ఏ వలయం సులువుగా మూసుకుంటుందో బాల్డ్విన్ 1976లో చెప్పిన నియమాలలో 5-ఎండో-ట్రిగ్ (తెగే ద్విబంధం కొత్త ఐదు పరమాణువుల వలయం లోపలే ఉండటం) ప్రతికూలమన్నది ముందు పట్టుకోండి.

కోచింగ్‌కు వెళ్ళలేదు కాబట్టే రెండుసార్లు పోయిందని మా బంధువులు అన్నారు. నేను ఒప్పుకోను. పోయింది క్రమశిక్షణ లేక. జవాబు చూసి "నాకు తెలుసులే" అనుకుని పేజీ తిప్పేసే అలవాటును ఆపడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. రోజుకు పది ప్రశ్నలే చేసినా, ప్రతి కార్బన్‌కూ పెన్సిల్‌తో అంకె వేయకుండా లేవకూడదని నియమం పెట్టుకున్నాను. జ్వరం వచ్చిన రోజు కూడా దాన్ని తప్పలేదు.

ఈసారి పరీక్షలో మళ్ళీ అడిపేటే ఎదురైంది, 2వ కార్బన్ మీద ఒక మిథైల్‌తో. రఫ్ షీట్ మీద అంకెలు వేశాను. 2వ కార్బన్ దాడి చేస్తే రెండు కార్బొనైల్‌ల మధ్య లాగడానికి ప్రోటాన్ మిగలదు, ఆ చర్య వెనక్కి వచ్చేస్తుంది. కనుక 5వ కార్బనే 1వ కార్బన్‌ను పట్టుకోవాలి. కీటోన్‌కు ఒక పక్క మిథైల్, రెండో పక్క ఎస్టర్ ఉన్న ఆప్షన్‌ను గుర్తించి ముందుకు వెళ్ళాను.