ఊరికి జూ ఎందుకు, తాబేళ్ల హేచరీ ఉండగా

‘కోనసీమలోనూ ఓ జూ పెట్టేద్దాం’ అనే మాట మళ్లీ వినిపిస్తోంది. నాలుగు జింకల్ని తెచ్చి కంచె కట్టేస్తే అయిపోయే పని కాదండీ. సెంట్రల్ జూ అథారిటీ గుర్తింపు లేకుండా జూ నడపకూడదు. రామచిలకను పంజరంలో పెట్టినా నేరమే!

1978లో అభయారణ్యమైన కోరింగ పక్కనే ఉంది. కాకినాడ తీరంలోని హోప్ ఐలాండ్ ఇసుకలో ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఊరు పూనుకుంటే అటవీశాఖ అనుమతితో హేచరీ, అంటే గుడ్లను కాపాడి పిల్లలయ్యేదాకా ఉంచే చోటు, నడపొచ్చు.

గూటికి వంద పైచిలుకు గుడ్లు. కుక్కలు, నక్కలు తవ్వకముందే, పెట్టిన రెండు మూడు గంటల్లో తీసి హేచరీకి మార్చాలి. ఆలస్యమైతే పిండం పెంకు లోపలి పొరకు అతుక్కుంటుంది, అప్పుడు గుడ్డు తిరగబడితే పిల్ల దక్కదు. అక్కడ గుడ్లు పూడ్చే గొయ్యి అడుగున్నర లోతు, మూతి ఇరుకు, కిందిభాగం కుండలా వెడల్పు. 45–60 రోజులకు పిల్లలు. ఇసుక వేడి సుమారు 29 డిగ్రీలు దాటితే ఆడవి ఎక్కువ, తగ్గితే మగవి. అందుకే రెండూ పుట్టేలా కొబ్బరాకుల పందిరి పలచగానే వేయాలి.

ఫొటోల కోసం పిల్లల్ని బకెట్‌తో అలల్లో గుమ్మరించేవాళ్లుంటారు. తడి ఇసుక మీద వదిలి, నడవనివ్వండి. ఒడ్డున లైట్లు మాత్రం ఆర్పించాలి, లేదంటే సముద్రం వదిలేసి వెలుగు వైపు పోతాయి.