టెట్‌లో నన్ను ఒడ్డెక్కించిన పాలబకెట్టు

మిత్రులారా, నిన్న టెట్ (టీచర్ అర్హత పరీక్ష) ఫలితాలొచ్చాయి. పేపర్-1లో 150కి 121. పోయినసారి 73. బీసీలకు 75 కావాలి కదా, రెండే మార్కులు. అవి ఎక్కడ పోయాయో నాకు తెలుసు. సైకాలజీలో శాస్త్రీయ నిబంధనం (ఒకదాని వెంట ఇంకొకటి పదేపదే వస్తే, మొదటిదానికే స్పందించడం నేర్చుకోవడం) మీద వచ్చిన రెండు ప్రశ్నలూ తప్పు పెట్టాను.

గంట కొట్టి తిండి పెడుతుంటే చివరికి గంటకే కుక్కకు లాలాజలం ఊరిందన్న పావ్‌లోవ్ ప్రయోగం నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. అడిగింది వేరే. మాస్టారు కొట్టినందుకు లెక్కల పుస్తకం చూసినా భయపడే పిల్లవాడికి నిబంధిత ఉద్దీపన (నేర్చుకున్నాక మాత్రమే స్పందన తెప్పించేది) ఏది? నేను దెబ్బ అని పెట్టాను. దెబ్బకు భయపడటం ఎవరూ నేర్పక్కర్లేదు, అది నిర్నిబంధితం. సరైన జవాబు, పుస్తకం.

మాది పొదిలి దగ్గర పల్లె. ఫెయిలయ్యాక నెల రోజులు పుస్తకం ముట్టలేదు. ఒకరోజు తెల్లారుజామున కొట్టంలో కూర్చుని ఉంటే నాయన పాలబకెట్టు తీశాడు. ఆ చప్పుడుకే, దూడను ఇంకా వదలకముందే, గేదె చేపుకొచ్చింది. పాలు దిగి చన్నులు నిండుగా ఉబ్బాయి. నేను లేచి నిలబడ్డాను.

దూడ పొదుగు కుమ్మితే చేపడం పుట్టుకతో వచ్చింది. దూడ నోరు నిర్నిబంధిత ఉద్దీపన, చేపు నిర్నిబంధిత ప్రతిస్పందన. బకెట్టు చప్పుడు ఒకప్పుడు దానికి లెక్కే కాదు. రోజూ చప్పుడు ముందు, దూడ వెనక రావడంతో చప్పుడే నిబంధిత ఉద్దీపన అయింది. ఈ వరస మర్చిపోకండి. దూడ తాగాక బకెట్టు మోగిస్తే గేదె అంత తేలిగ్గా నేర్చుకోదు. మొదట్లో కుడితి బకెట్టు మోగినా చేపేదట, అది సామాన్యీకరణం. ఇప్పుడు తల ఎత్తి చూస్తుంది, చేపదు. అది విచక్షణ.

జీర్ణక్రియ పరిశోధనకు 1904లో నోబెల్ తీసుకున్న పావ్‌లోవ్ కూడా, తిండి నోట పడకముందే కుక్కకు లాలాజలం ఎందుకు ఊరుతోందని ఆగి చూసినవాడే. భయం కూడా ఇలాగే నేర్పవచ్చని వాట్సన్ 1920లో ఆల్బర్ట్ అనే పసివాడికి తెల్ల ఎలుకతో చూపించాడు.

విరమణ, అంటే నేర్చుకున్న స్పందన మెల్లగా ఆగిపోవడం, మాత్రం నా మీదే నేర్చుకున్నాను. ఫెయిలయ్యాక తెర మీద టైమర్ కనబడితే అరచేతులు చెమటపట్టేవి. ఒంగోలు వెళ్లి నెట్ సెంటర్లో మాక్ టెస్టులు రాస్తూనే ఉన్నాను. టైమర్ వస్తుంది, పోయేదేమీ లేదు. మెల్లగా చెమట ఆగింది. చివరి పది రోజులు మాక్‌లు ఆపాను. పరీక్ష హాల్లో కూర్చోగానే మళ్లీ టెన్షన్! కానీ ఆగిన స్పందన కొన్నాళ్లకు దానంతటదే తిరిగి రావడాన్ని అయత్నసిద్ధ స్వాస్థ్యం అంటారని, మొదటంత బలం ఉండదని చదివి ఉన్నాను. పది ప్రశ్నలయ్యేసరికి తగ్గిపోయింది.

మిగతావాటికి బడి పుస్తకాలే చదివాను, తెలుగు వాచకాలు మూడేసిసార్లు. రోజూ నాలుగున్నరకు లేవాలి, ఫోన్ అమ్మ దగ్గర ఉండాలి. ఇందులో రాజీ వద్దు. మా పిన్ని కూతురి పెళ్లికి కూడా నేను వెళ్లలేదు. పొగరని అన్నారు. పొగరు కాదు, పరీక్ష వారం రోజుల్లో ఉంది. నిన్న మార్కులు చూశాక మొదట పిన్నికే ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఈ ఆదివారం కనిగిరి వెళ్తున్నాను.