బరువు ఎంత అని అడిగినందుకు

2022 జనవరిలో, ఒమిక్రాన్ అనే కరోనా రకం ఇంగ్లండులోనూ, మన దేశంలోనూ ఇంటింటికీ పాకుతున్న రోజుల్లో, తిరుపతి కొర్లగుంటలో ఉండే మా పిన్నమ్మ ఫోను చేసి, పదేళ్ల మనవడికి జ్వరమనీ, పరీక్షలో కరోనా అని తేలిందనీ చెప్పింది. నేను ఇంగ్లండులో ఒక ఆసుపత్రి పిల్లల వార్డులో నర్సును. ఊపిరి ఎలా తీసుకుంటున్నాడు, ఏమైనా తాగుతున్నాడా అని అడిగాక, ఎన్ని కిలోలున్నాడు, రాత్రి గురక పెడతాడా, ఈ మధ్య దాహం ఎక్కువై మాటిమాటికీ ఒంటేలుకు లేస్తున్నాడా అని కూడా అడిగాను. పిన్నమ్మ కాసేపు మాట్లాడలేదు. తరువాత, "పిలకాయ జొరంతో పడుంటే ఒక మంచి మాట లేదు గానీ, వాడెన్ని కేజీలుండాడని అడగతావా? ఆ దేశం పోయినాక నీ మనసు ఇంత బండైపోయిందా?" అంది.

పిల్లవాడు నాలుగు రోజుల్లో ఇంట్లోనే తేరుకున్నాడు. ఆ మాట మాత్రం నన్ను వదలలేదు. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి అన్న మాట కాబట్టి, నేను అలా ఎందుకు అడిగానో ఇక్కడ వివరంగా చెప్పుకుంటాను.

కరోనా వచ్చిన పిల్లల్లో అత్యధికులకు జలుబు, జ్వరంతోనే పోతుంది. ఆసుపత్రి దాకా వచ్చేవారు కొద్దిమందే, వారిలోనూ ప్రాణం మీదికి వచ్చేది ఇంకా తక్కువమందికి. 2020లో బ్రిటన్‌లోని 138 ఆసుపత్రుల్లో చేరిన 651 మంది పిల్లలను పరిశీలించినప్పుడు, వారిలో 18 శాతం మందికి ఐసీయూ స్థాయి వైద్యం అవసరమైంది, ఆరుగురు మరణించారు. ఆ ఆరుగురికీ అంతకు ముందే తీవ్రమైన అనారోగ్యాలు ఉన్నాయి. నెల నిండని పసికందులు, పది నుంచి పద్నాలుగేళ్ల వయసువారు మిగతావారికంటే ఎక్కువగా ఐసీయూకు వెళ్లారు. అమెరికాలో 2020 మార్చి నుంచి 2021 మే దాకా ఆసుపత్రుల్లో చేరిన పిల్లల లెక్కలు తీసినప్పుడు రెండేళ్లలోపు వారికి ఒక రకంగా, ఆపై వారికి మరొక రకంగా ప్రమాదం కనిపించింది. చిన్నవారిలో నెలలు నిండకుండా పుట్టడం, ఊపిరితిత్తుల పాత జబ్బులు, నరాల జబ్బులు, గుండె లోపాలు వ్యాధిని ముదిరేలా చేశాయి. పెద్దవారిలో ముందు నిలిచినవి స్థూలకాయం, షుగరు, గొట్టం ద్వారానే ఆహారం తీసుకోవలసిన పరిస్థితి.

నేను పిన్నమ్మను అడిగిన ప్రశ్నలు అక్కడి నుంచి వచ్చినవే. ఒంట్లో కొవ్వు ఎక్కువైన పిల్లవాడు వెల్లకిలా పడుకుంటే పొట్ట బరువు పైకి నొక్కి, ఊపిరితిత్తులు పూర్తిగా విచ్చుకోవు. మామూలు రోజుల్లో ఆ లోటు తెలియదు. ఊపిరితిత్తులకు జబ్బు చేసిన రోజున తెలుస్తుంది. గురక గురించి అడిగినది నిద్రలో ఊపిరికి అడ్డు పడుతోందేమోనని. దాహం సంగతి అడిగినది అప్పటికింకా బయటపడని షుగరు ఉందేమోనని, ఎందుకంటే అలాంటి పిల్లవాడికి ఏ జ్వరం వచ్చినా రక్తం ఆమ్లమయమై స్పృహ తప్పే స్థితి రావచ్చు. పదేళ్ల పిల్లవాడికి అప్పటికి మన దేశంలో టీకా కూడా లేదు. ఆ జనవరి 3న మొదలైన టీకాలు పదిహేనేళ్లు నిండినవారికే.

మా ఇళ్లలో ఇవన్నీ మనసులో గుచ్చుకునే ప్రశ్నలే, కాదనను. ఒళ్లు చేసిన పిల్లవాణ్ణి చూసి ఎవరైనా ఒక మాట అంటే ఆ సాయంత్రమే దిష్టి తీసే ఇంట్లో పుట్టినదాన్ని నేను. ఆడపిల్లకు షుగరుంటే రేపటి సంబంధాలకు భయపడి సొంత అక్కచెల్లెళ్లకు కూడా చెప్పని తల్లులు చిత్తూరులో నాకు తెలుసు, ఆ భయం ఉత్తది కాదని కూడా తెలుసు. ఇక్కడ ఇంగ్లండులో అవే ప్రశ్నలను ప్రతి బిడ్డ తల్లినీ, తండ్రినీ ఒకే గొంతుతో అడుగుతారు. బిడ్డను చేర్చుకునేటప్పుడు నింపే కాగితంలో ఆ గడి ఉంది కాబట్టి అడుగుతారు, అడిగించుకున్నవారు తలెత్తుకునే జవాబు చెబుతారు. ఈ ఒక్క పద్ధతి మనకూ రావాలని మనసారా కోరుకుంటాను.

అయితే ఆ కాగితానికి అన్నీ తెలుస్తాయని అనుకోలేను. ఒక రాత్రి మన వైపు నుంచి వచ్చిన ఒక తల్లి, ఎనిమిది నెలల బాబుతో వార్డుకు వచ్చింది. బాబు డొక్కలు ఎగరేస్తున్నాడు, కాలి బొటనవేలికి చుట్టిన పట్టీలోంచి ఎర్ర దీపం వెలుగుతోంది, తెర మీద ఆక్సిజన్ అంకె 90కి పైన నిలవడం లేదు. మంచం దగ్గర తల్లిదండ్రుల్లో ఒక్కరినే ఉండనిచ్చే రోజులవి. పుట్టుక గురించి అడిగితే ఆ అమ్మాయి, బాగానే పుట్టాడు, ఏ జబ్బూ లేదు అని చెప్పింది. బాబు పుట్టింది ఇండియాలో కాబట్టి ఇక్కడి కంప్యూటరులో ఏమీ లేదు. ఇంతలో ఫోనులో అమ్మమ్మ కనిపించి, బిడ్డను చూసి ఏడుస్తూనే, "ఏడో నెల్లోనే పుట్టినాడు కదమ్మా, అన్నాళ్లు బాక్సులో పెట్టినారు, గాలి మిషను కూడా పెట్టినారు, ఆ మాట చెప్పినావా?" అని అడిగింది. తల్లి దాచలేదు, గండం గడిచిపోయింది గదా, ఇంకెందుకు తలచుకోవడం అనుకుంది. ఆ ఒక్క మాటతో డాక్టరు బాబు ఊపిరితిత్తులను వేరుగా చూసి, మా కళ్లెదుట ఉండే మంచానికి మార్పించారు.

మంచం చుట్టూ పదిమంది చేరడం ఇక్కడివారికి అల్లరి. నాకు మాత్రం ఆ రాత్రి, మన ఊళ్లో అయితే ఆ అమ్మమ్మ గడప దగ్గరే ఆ మాట చెప్పేసి ఉండేది అనిపించింది. ఈ దేశం నాకు అన్నం పెడుతున్నా, ఇది దాని లోటేనని అంటాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఏ జబ్బూ లేని పిల్లలకు ఏమీ కాదని దీనికి అర్థం కాదు. 2020 ఏప్రిల్‌లో ఇక్కడి వైద్యులే మొదటగా హెచ్చరించిన ఒక స్థితి ఉంది: కరోనా తగ్గిన కొన్ని వారాలకు, అంతవరకు ఆడుకుంటున్న పిల్లలకు విడవని జ్వరం, ఎర్రని కళ్లు, దద్దుర్లు, కడుపు నొప్పి వచ్చి గుండె మీద దెబ్బ తీస్తుంది. దానికి పాత జబ్బుతో పని లేదు. అందుకే, నెల క్రితం ఇంట్లో ఎవరికైనా కరోనా వచ్చిందా అన్నది కూడా మేము అడిగే ప్రశ్నే.

గుండెలో రంధ్రంతో పుట్టిన పిల్లలకు ఆపరేషను కోసం మద్రాసుకో వేలూరుకో పరుగెత్తిన మన జిల్లావాళ్లకు, 2021లో తిరుపతిలోనే టీటీడీ శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం తెరిచిందని విన్నప్పుడు నేను ఇక్కడ డ్యూటీలోనే ఆనందంతో కళ్లు తుడుచుకున్నాను. అలా ఆపరేషను అయిన బిడ్డకు జ్వరం వచ్చినా, దగ్గు వచ్చినా, ముందుగా తీయవలసింది బీరువాలోని ఆ ప్లాస్టిక్ సంచి. ఎకో (గుండె స్కాను) రిపోర్టు, ఆపరేషను తేదీ, ఇప్పుడు వేస్తున్న మందుల చీటీ, పుట్టినప్పటి బరువు, నెలలు నిండాయా లేదా అన్న సంగతి రాసిన కాగితం అందులో ఉంటే, అర్ధరాత్రి క్యాజువాలిటీలో కూర్చున్న డ్యూటీ డాక్టరు అడగవలసిన ప్రశ్నల్లో సగం తగ్గిపోతాయి.