మూడో అద్దం ఖరీదు

2015 సెప్టెంబరు 28న భారత ఖగోళ ఉపగ్రహం ఆస్ట్రోశాట్ ఎగిరేనాటికి శ్రీహరికోట నెల్లూరు జిల్లాలో ఉండేది. ఇప్పుడు మా తిరుపతి జిల్లాలోకి వచ్చింది కనుక ఆ ఉపగ్రహం గురించి మాట్లాడే హక్కు మాకు కాస్త ఎక్కువేనని అనుకుంటాను. అందులోని అతినీలలోహిత దూరదర్శిని యూవిట్ గురించి ఎమ్మెస్సీ విద్యార్థులకు చెబుతుండగా ఒకమ్మాయి, "సార్, ఆకాశం ఇంకా ఎక్కువ మేర ఒకేసారి కనబడేలా కట్టి ఉండొచ్చు కదా?" అని అడిగింది. తరగతిలో సమయం చాలలేదు కాబట్టి ఆ జవాబును ఇక్కడ రాస్తున్నాను.

చిత్తూరు రోడ్డులో ఉన్న గాదంకి నుంచి లైడార్ (లేజరుతో వాతావరణాన్ని పరిశీలించే పరికరం) పంపే ఆకుపచ్చ లేజరు వాతావరణంలోకి ఎంతో ఎత్తుకు వెళ్తుంది గానీ, నక్షత్రాల నుంచి వచ్చే 300 నానోమీటర్ల లోపు తరంగదైర్ఘ్యం గల అతినీలలోహిత కాంతిని ఓజోను, ఆక్సిజన్ పైనే మింగేస్తాయి. అందుకే ఈ దూరదర్శిని అంతరిక్షంలోనే ఉండాలి.

యూవిట్‌లో 375 మిల్లీమీటర్ల వ్యాసం గల రిచీ-క్రెతియాన్ రకం దూరదర్శినులు రెండు ఉన్నాయి. వీటిలో రెండు దర్పణాలూ అతిపరావలయాకారంలో ఉండడం వల్ల గోళీయ విపథనం (అంచు కిరణాలు, మధ్య కిరణాలు వేర్వేరు చోట్ల కలవడం), కోమా (చుక్క తోకలా సాగడం) అనే దోషాలు తొలగిపోతాయి. ఆస్టిగ్మాటిజం (చుక్క గీతలా సాగడం), నాభితలపు వంపు (బింబం చదునుగా కాక వంగిన తలంపై ఏర్పడడం) మాత్రం మిగులుతాయి. దృశ్యం కేంద్రం నుంచి దూరం రెట్టింపైతే ఆస్టిగ్మాటిజం వల్ల వచ్చే మసక నాలుగింతలవుతుంది. యూవిట్ క్షేత్రం (ఒకేసారి కనబడే ఆకాశపు మేర) 28 ఆర్క్‌నిమిషాలు, అంటే పౌర్ణమి చంద్రుడి కంటే కొంచెం చిన్నది. ఆ మేరలో అది సుమారు ఒకటిన్నర ఆర్క్‌సెకన్ల స్పష్టత ఇస్తుంది.

మూడో దర్పణం పెడితే ఆస్టిగ్మాటిజాన్ని కూడా సరిచేసి, క్షేత్రాన్ని పెంచవచ్చు. దృశ్యకాంతిలో వెండిపూత కాంతిని దాదాపు అంతా తిప్పి పంపుతుంది కనుక అక్కడ దాని ఖర్చు తక్కువే. సుదూర అతినీలలోహితంలో (అతినీలలోహితంలో తరంగదైర్ఘ్యం మరీ తక్కువైన భాగంలో) వెండి పనికిరాదు. అల్యూమినియమే దిక్కు, అదీ గాలి తగిలిన వెంటనే ఆక్సీకరణం చెందుతుంది కనుక దానిమీద మెగ్నీషియం ఫ్లోరైడు పలుచటి పొర వేయాలి. అంత చేసినా ఒక్కో దర్పణం 80 శాతం కాంతిని తిప్పిందనుకుంటే, రెండింటి తర్వాత 64 శాతం, మూడింటి తర్వాత 51 శాతం మిగులుతుంది. దర్పణాలే సగం తినేస్తే, ఒక్కో ఫోటానును లెక్కపెట్టుకునే ఖగోళశాస్త్రానికి అది చిన్న నష్టం కాదు.

కటకాలతో దిద్దుదామంటే మామూలు గాజు ఈ కాంతిని పోనివ్వదు. 2003లో వెళ్లిన నాసా ఉపగ్రహం గెలెక్స్ ఇక్కడ ముచ్చటైన ఉపాయం చేసింది: సుదూర, సమీప అతినీలలోహితాలను విడదీసే పలకనే విపథనాన్ని దిద్దే ఆకృతిలో మలిచి, 1.2 డిగ్రీల క్షేత్రం సాధించింది. స్పష్టత మాత్రం యూవిట్ కంటే బాగా తక్కువ. ఇజ్రాయెల్ ఉపగ్రహం అల్ట్రాశాట్ 230–290 నానోమీటర్లకే పరిమితమైంది కనుక కటకాలున్న ష్మిట్ రూపకల్పనను ఎంచుకుని, దాదాపు 200 చదరపు డిగ్రీలు చూడగలుగుతుంది. నాసా 2024లో ఎంపిక చేసిన యూవెక్స్ దూరదర్శిని మాత్రం మూడు దర్పణాల నష్టాన్ని భరించడానికే సిద్ధపడింది.

కిరణాల లెక్కల్లో కనబడని శత్రువు ఒకటుంది. ఉపగ్రహం భాగాల నుంచి వెలువడే సేంద్రియ ఆవిరి దర్పణాలపై పేరుకుంటే, కొన్ని నానోమీటర్ల పొరే సుదూర అతినీలలోహితాన్ని గణనీయంగా తగ్గిస్తుంది. ప్రయోగం తర్వాత యూవిట్ తలుపులను సుమారు రెండు నెలలు మూసి ఉంచింది ఈ భయంతోనే. దర్పణం ఇంకొకటి పెరిగితే ఆ పొర పట్టే చోటూ పెరుగుతుంది. నక్షత్ర గుచ్ఛాల్లో తార పక్కన తారను విడదీయాలనుకున్న యూవిట్‌కు, నా దృష్టిలో, రెండు దర్పణాలతో ఆగడమే సరైన నిర్ణయం.