నడక కుదిరింది, పాదం కుదురుకోలేదు

సింబికాన్ పద్ధతిలో (రెండు కాళ్ల బొమ్మను పడకుండా నడిపించే నియంత్రణ పద్ధతి ఇది) కట్టిన నా కంప్యూటర్ సిమ్యులేషన్ పాత్ర ఎట్టకేలకు పడిపోకుండా నడుస్తోంది. పక్కనుంచి 100 న్యూటన్ల బలంతో 0.1 సెకను పాటు తోసినా అడుగు కాస్త ఎడంగా వేసి నిలదొక్కుకుంటోంది. సంతోషం అంతవరకే. మడమ నేలను తాకిన క్షణం నుంచి ఒంటి బరువు పూర్తిగా ఆ కాలి మీదికి వచ్చేలోపు, పాదం ముందుభాగం రెండు మూడు సార్లు లేచి, చప్పట్లు కొట్టినట్టు నేలకు తగులుతోంది. దూరం నుంచి అది నడకలాగే ఉంటుంది గానీ, కెమెరాను మోకాలి ఎత్తుకు దించితే చూడబుద్ధి కాదు.

గాలిలో ఉన్న పాదం వణికే పాత జబ్బు ఇది కాదు. కిలో బరువున్న పాదానికి చీలమండ చుట్టూ జడత్వ భ్రామకం (తిరగడానికి చూపే మొండితనం) సుమారు 0.008 కిలోగ్రామ్ చదరపు మీటర్లు ఉంటుంది, నేను వాడే భౌతిక సిమ్యులేషన్ ఇంజిన్ ముజోకోలో డిఫాల్ట్ టైమ్ స్టెప్ (ఒక్కో లెక్కకూ మధ్య వ్యవధి) 2 మిల్లీసెకన్లు. ఆ లెక్కన టార్క్‌ను (కీలును తిప్పే బలాన్ని) మన కోడ్‌లోనే లెక్కించి ఇస్తే, కేడీ (కీలు వేగాన్ని అణచే గుణకం) 8 దాటగానే వేగం ప్రతి స్టెప్‌లోనూ దిశ మార్చుకుంటూ పెరిగిపోతుంది. నేను పెట్టింది 30. కేడీని ఇంజిన్ సొంత కీలు డ్యాంపింగ్‌లోకి మార్చాక, ముజోకోలోని ఆయిలర్ ఇంటిగ్రేటర్ (కదలికను స్టెప్పు వారీగా లెక్కించే భాగం) దానిని ఇంప్లిసిట్‌గా, అంటే స్టెప్ చివరి వేగాన్నే లెక్కలోకి తీసుకుని, పరిష్కరిస్తుంది కనుక, ఆ వణుకు పోయింది.

నేల మీది టపటప మాత్రం దేనికీ లొంగలేదు. టైమ్ స్టెప్‌ను సగానికి తగ్గించినా దాని లయ మారలేదు కాబట్టి, ఇది సంఖ్యాగణనలో పుట్టిన దోషం కాదని తేలింది. ఘర్షణ గుణకాన్ని 0.6 నుంచి 1.0కు పెంచితే ఏ తేడా రాలేదు. స్పర్శకు సంబంధించిన సమయ స్థిరాంకాన్ని (నేల తాకిడి ఎంత మెత్తగా ఉండాలో నిర్ణయించే విలువను) 0.02 నుంచి 0.04కు మారిస్తే పాదం నేలలోకి కొద్దిగా దిగబడి, టపటప నెమ్మదించింది గానీ ఆగలేదు. నాకు దారి చూపింది ఈ చివరి ఫలితమే. నేల ప్రతిచర్య బలాన్ని గ్రాఫ్‌గా గీసి చూస్తే, మడమ తాకగానే అది 700 న్యూటన్ల దాకా ఎగసి, వెంటనే 150కి జారి, మళ్లీ పైకి పోతోంది. వేళ్లు లేచేది సరిగ్గా ఆ పల్లాల దగ్గరే.

మిగిలినది కూడికలంత తేలిక. పాత్ర బరువు 45 కిలోలు, అంటే 441 న్యూటన్లు. చీలమండ నుంచి మడమ అంచుకు 6 సెంటీమీటర్లు, వేళ్ల కొసకు 15. బరువును ఈ దూరాలతో గుణిస్తే హద్దులు తెలుస్తాయి: పాదాన్ని పైకి లాగే టార్క్ 26 న్యూటన్ మీటర్లు దాటితే ముందుభాగం లేవక తప్పదు. కిందికి నొక్కే వైపు మాత్రం 66 దాకా వెసులుబాటు ఉంది. కేపీ (కోణంలో తేడాను టార్క్‌గా మార్చే గుణకం) 300 ఉన్నప్పుడు 26 అంటే కోణంలో 5 డిగ్రీల తేడా మాత్రమే. ఇదంతా పూర్తి బరువు ఒకే కాలి మీద స్థిరంగా ఉన్నప్పటి మాట. బలం 150కి జారిన క్షణంలో హద్దు 9కి పడిపోతుంది, అంటే రెండు డిగ్రీల తేడాను కూడా పాదం భరించలేదు.

అందుకే టార్క్‌ను 20 దగ్గర కత్తిరించిన ప్రయోగం సగమే ఫలించింది: ఒంటికాలి దశ ప్రశాంతంగా ఉంది, రెండు కాళ్లూ నేల మీదున్న దశ మాత్రం అలాగే ఉంది. హద్దును స్పర్శబలంతో పాటు ప్రతి స్టెప్‌లోనూ మార్చవచ్చు గానీ, ఆ రీడింగ్‌లో నాయిస్ ఎక్కువ. ఫిల్టర్‌తో నునుపు చేస్తే అసలు పల్లాలే మాయమవుతాయి.

నడక అంతటికీ ఒకే కేపీ ఉండాలన్న పట్టుదలే అసహజమని నా అభిప్రాయం. మనిషి మడమ మోపినప్పుడు ముంగాలి కండరం పాదాన్ని బిగించి పట్టుకోదు, మెల్లగా సాగుతూ నేలకు దించుతుంది. ఇదే పని 2018 నాటి డీప్‌మిమిక్ (రికార్డు చేసిన కదలికలను అనుకరించడం పాత్రకు నేర్పే పద్ధతి) తరహా శిక్షణకు అప్పగించమని సలహా ఇచ్చేవారున్నారు; అక్కడ పాలసీ (శిక్షణలో నేర్చుకున్న నియంత్రణ) సెకనుకు 30 సార్లు, సిమ్యులేషన్ 1200 సార్లు నడుస్తాయి. ఆ ఫలితాలు అందంగానే ఉంటాయి, కానీ పాదం ఎందుకు లేస్తోందో అక్కడ ఎవరూ చెప్పరు, చెప్పాల్సిన అవసరమూ వారికి రాదు. ముజోకోను వదిలి వేరే ఇంజిన్‌కు మారే ఆలోచన కూడా లేదు, ఎందుకంటే ఈ లెక్క ఏ ఇంజిన్‌లోనైనా ఇదే.

తరువాత మడమ తాకిన తొలి 0.1 సెకనులో చీలమండ కేపీని 60కి దించి, ఆపై క్రమంగా 300కు పెంచి చూస్తాను. దానితో పాటు పాదానికున్న పెట్టె ఆకారాన్ని తీసేసి, మడమ వైపు గుండ్రటి క్యాప్సూల్, వేళ్ల దగ్గర మెత్తటి స్ప్రింగ్ ఉన్న మరో కీలు పెట్టాలి. అవి కుదిరాకే మెట్లెక్కించే పని మొదలుపెడతాను.