చిగుళ్ళ పాకెట్లు, షుగర్: వైద్యం చేయించుకున్నాక తెలిసినవి

షుగర్ మందు డోసు పెంచే ముందు చిగుళ్ళు చూపించుకురమ్మని డాక్టరు చెప్పడంతో ఇది మొదలైంది. పళ్ళకూ షుగర్‌కూ ఏమిటి సంబంధమని నాలాగే అనుకునేవాళ్ళ కోసం వివరంగా రాస్తున్నాను.

చిగుళ్ళ వైద్యులు మొదట చేసేది కొలత. మిల్లీమీటరు గీతలున్న సన్నటి ప్రోబ్‌ను పంటికీ చిగురుకూ మధ్య దించి, ఒక్కో పంటి చుట్టూ ఆరు చోట్ల ఆ సందు లోతు చూస్తారు. అది లోతుగా మారితే పాకెట్ అంటారు. 3 మి.మీ. వరకూ మామూలే, 4 నుంచి అనుమానించాలి. నాకు దవడ పళ్ళ దగ్గర 5, 6 వచ్చాయి. ప్రోబ్ తగిలిన చోట రక్తం వచ్చిందా లేదా అన్నది కూడా రాస్తారు. నన్నడిగితే లోతు కన్నా దాన్నే ముందు చూడాలి. రక్తం చిమ్మిందంటే ఆ పాకెట్ గోడ లోపల పుండు పడి ఉందన్నమాట. పొగ తాగేవాళ్ళకు జబ్బు ముదిరినా రక్తం తక్కువగా కనిపిస్తుంది, అందుకని రక్తం రావట్లేదు కదా అన్న ధీమా వాళ్ళకు పనికిరాదు.

ఆ పుండ్లలోంచే బాక్టీరియా, వాటి విషాలు రక్తంలోకి దిగుతాయి. పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ లాంటివి గాలి ఆడని లోతుల్లోనే బలుస్తాయి, పుక్కిలించిన మందు అంత లోపలికి పోదు. వాటితో పోరాడే కణాలు ఐఎల్-6, టీఎన్ఎఫ్ వంటి రసాయనాలు వదులుతాయి. వాటివల్ల కాలేయం ఒంట్లో వాపును సూచించే సీఆర్పీ అనే ప్రొటీన్‌ను ఎక్కువగా తయారు చేస్తుంది, ఇన్సులిన్ సరిగా పనిచేయదు. షుగర్ పెరిగితే చిగుళ్ళ వాపు మళ్ళీ పెరుగుతుంది. గుండెజబ్బుతో కూడా చిగుళ్ళ జబ్బుకు సంబంధం ఉందని అధ్యయనాల్లో తేలింది. చిగుళ్ళు బాగుచేస్తే గుండెపోట్లు తగ్గుతాయని మాత్రం ఇంకా రుజువు కాలేదు. ఆ ఆశ పెట్టి వైద్యం చేయించుకోమని ఎవరికీ చెప్పను.

వైద్యం పేరు స్కేలింగ్, రూట్ ప్లేనింగ్, అంటే పళ్ళ మీదా చిగురు కింద వేళ్ళ మీదా పేరుకున్న పాచి, గార గీకి తీయడం. నాకు రెండు విడతల్లో, ఒక్కోసారి ఒక పక్క చేశారు. రక్తాన్ని పలచబరిచే మందులు వాడుతున్నా, గుండెలో కృత్రిమ కవాటం ఉన్నా ముందే చెప్పాలి. ఆ మందులు సొంతంగా ఆపకూడదు. షుగర్ మందు వేసుకుని ఖాళీ కడుపుతో వెళ్ళకూడదు. నొప్పి తెలియకుండా ఇచ్చే మత్తు రెండు మూడు గంటలుంటుంది. అది దిగకముందే నమిలితే బుగ్గ కొరుక్కుంటాం. వైద్యం తర్వాత ఒకటి రెండు రోజులు ఒంట్లో ఇన్ఫ్లమేషన్ (వాపు) కాస్త పెరగడం మామూలే, 2007లో వచ్చిన ఒక పరిశోధనలోనూ అదే కనిపించింది. ఆ రోజుల్లో సీఆర్పీ పరీక్ష చేయించి కంగారు పడొద్దు.

క్రిములను చంపే పుక్కిలింపు మందు, 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్, 10 మి.లీ. చొప్పున రోజుకు రెండుసార్లు, రెండు వారాలు వాడాను. పేస్టుతో తోమిన వెంటనే పుక్కిలిస్తే పేస్టులోని నురగ పదార్థం మందును చెడగొడుతుంది, అరగంట ఎడం ఉండాలి. ఎక్కువ కాలం వాడితే పళ్ళకు గోధుమరంగు మరకలు పడతాయి. చల్లటి నీళ్ళకు పళ్ళు జివ్వుమంటాయి. వాపు దిగడంతో పళ్ళ సందులు పెద్దవైనట్టు కనిపిస్తాయి, పళ్ళు అరగదీశారని అపోహ పడొద్దు.

అసలు పని ఇంట్లోనే. బ్రష్‌ను చిగురు అంచున 45 డిగ్రీల వాలులో పెట్టి చిన్నగా కదపాలి. సందులకు ఇంటర్‌డెంటల్ బ్రష్ కావాలి, దాని సైజు విషయంలోనే చాలామంది పొరబడతారు. వదులుగా దూరితే పాచి రాదు, బలవంతంగా తోస్తే చిగురు గీసుకుంటుంది. ముందు పళ్ళకు ఒకటి, దవడ పళ్ళకు ఇంకొకటి తీసుకోవాల్సి వచ్చింది. రక్తం వస్తోందని ఆ చోట తోమడం మానేస్తే పాచి పేరుకుని వాపు ఇంకా ఎక్కువవుతుంది.

ఎనిమిదో వారంలో మళ్ళీ కొలిచారు. అంతకన్నా బాగా ముందు ప్రోబ్ దించితే మానుతున్న కండ చెదురుతుంది. చాలాచోట్ల 5లు 3కు దిగాయి. రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష మాత్రం మూడు నెలలయ్యాకే చూడాలి, అది ఎర్ర రక్తకణాలకు అంటిన చక్కెరను కొలుస్తుంది, ఎర్ర రక్తకణాల ఆయుష్షు దాదాపు 120 రోజులు కాబట్టి. పరిశోధనల్లో సగటు తగ్గుదల 0.4 వరకూ ఉంది. మందు మార్చకుండానే నాది 7.8 నుంచి 7.4కు వచ్చింది.

పై దవడ చివరి పంటి దగ్గర మాత్రం ఇప్పటికీ 6 ఉంది, రక్తమూ వస్తోంది. అక్కడ వేళ్ళు చీలే సందులో గార దాక్కుంటుంది, పరికరం అందదు. మూడు నెలలకోసారి చేసే శుభ్రతతో అది లొంగకపోతే చిగురు తెరిచి చేయాల్సి ఉంటుందన్నారు.