హార్స్‌లీ కొండల పసుపు గొంతు పిగిలి: పిట్ట దొరికింది, ఫోటో దొరకలేదు

పిట్ట నిమిషం పైనే కూర్చుంది. ఎదురుగా, ఎండలో, కొమ్మ అడ్డం కూడా లేకుండా. అయినా ఒక్క ఫ్రేమ్ షార్ప్‌గా లేదు. పెద్ద స్క్రీన్ మీద చూసుకున్నప్పటి నుంచి మనసు అక్కడే ఉంది.

ఈ పిగిలి (బుల్‌బుల్) దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో వల్నరబుల్, అంటే ముప్పు ఉన్న జాతి. రాళ్ళ గుండ్లు, వాటి మధ్య పొదలు ఉన్న పొడి కొండలే దాని చోటు. అంటే ఎప్పుడు తీసినా బండల మీదుగానే తీయాలి. నా తంటా అంతా ఇక్కడే ఉందని ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది.

ఫిబ్రవరి చివరి వారం, పొద్దున్నే, కొండ తూర్పు వాలు. 500 ఎంఎం, ఎఫ్ 5.6, ఐఎస్ఓ 800, షట్టర్ 1/2000. పిట్ట దాదాపు 45 మీటర్ల దూరంలో, మధ్యలో వెడల్పాటి బండ. తల మీది పసుపు కనిపిస్తోంది, ఈకల గీతలు మాత్రం కలిసిపోయాయి. ముందు అనుమానం ఆటోఫోకస్ మీద. లైవ్ వ్యూ పెంచి చేత్తో ఫోకస్ చేశాను, అదే తీరు. స్టెబిలైజేషన్ ఆపి ట్రైపాడ్ మీద పెట్టాను, అదే తీరు. యూవీ ఫిల్టర్ నా లెన్స్‌కు ఎప్పుడూ లేదు. టెలీ లెన్స్ ముందు ఇంకో గాజు పలక పెట్టడం నాకు నచ్చదు. ఇంటి దగ్గర 12 మీటర్ల దూరంలో న్యూస్‌పేపర్ అతికించి తీస్తే అక్షరాలు బ్లేడుతో కోసినట్టు వచ్చాయి. లెన్స్‌లో దోషం లేదు.

ఒకే బర్స్ట్‌లో, అంటే ఒక్క నొక్కుకు వరుసగా పడిన ఫ్రేములు పక్కపక్కన పెట్టి చూస్తే గుట్టు కొంత తెలిసింది. పిట్ట కదలకపోయినా దాని పక్క రాయి అంచు ఒక్కో ఫ్రేములో ఒక్కోలా వంకర పోయింది. చెయ్యి వణికితే ఫ్రేమంతా ఒకే దిక్కుకు జరగాలి. ఇక్కడ అలా లేదు, ముక్కముక్కకూ వేరుగా ఉంది. ఇది గాలి పని. బండ మీద నుంచి లేచే వేడిగాలి, దాని పైన చల్లగాలి, వాటి మధ్య వంగిపోయే వెలుగు.

మరి అంత పొద్దున్నే వేడి ఎక్కడిది? దీనికి జవాబు మేకలు తోలుకొచ్చిన ఒక పెద్దాయన దగ్గర దొరికింది. "చలికాలం మేం ఈ బండ మీదే పండుకుంటాం సామీ, తెల్లారేదాకా కింద వెచ్చగానే ఉంటాది" అన్నాడు. మర్నాడు వంటింట్లో నూనె వేడి చూసుకునే ఇన్‌ఫ్రారెడ్ గన్ పట్టుకెళ్ళాను. ఉదయం 6:50కి గాలి 18 డిగ్రీలు, బండ 25. 8:40కి గాలి 23, ఎండ పడే బండ 36, నీడలో ఉన్న బండ 26. ఎండ తగలకముందే ఏడు డిగ్రీల తేడా! పొద్దున్నే వెళితే హీట్ హేజ్ (వేడిగాలి వల్ల వచ్చే ఈ మసక) ఉండదన్న సలహా పొలం గట్టుకు సరిపోతుందేమో, ఈ గుండ్లకు సరిపోదు.

ఇంకో అనుమానం కూడా ఉంది: ఏసీ కారులోంచి దించిన చల్లటి లెన్స్, పొడుగాటి హుడ్. హుడ్ లోపలే గాలి సుడులు తిరుగుతుందంటారు. ఈసారి అరగంట ముందే లెన్స్ బయట పెట్టి, హుడ్ తీసి, పెట్టి, రెండు రకాలుగా తీసి పోల్చాలి.

దూరం తగ్గించడమే అసలు మందు. ఫోన్‌లో కూత వినిపించి దగ్గరికి రప్పించమనేవాళ్ళున్నారు. ఆ పని చేయను. లేని శత్రువు కోసం అది తిండి మానేసి తిరగడం చూసి తీసిన ఫోటో నాకొద్దు. మెర్లిన్ యాప్ కూత గుర్తుపట్టడానికి మాత్రం బాగా పనికొస్తోంది.

మిగతావి: పొన్నంకి పిట్ట (ఇండియన్ పిట్టా) ఈసారి కనబడలేదు. బ్లూ-ఫేస్డ్ మాల్కోహా తేలిగ్గా దొరికింది, ఫోటో బాగుంది. దిగేటప్పుడు రెండు ముంగిసలు, కొండముచ్చుల గుంపు. చెట్ల కింద 8x42 (ఎనిమిది రెట్లు పెంచి చూపే) బైనాక్యులరే హాయి. 10x కొనమని ఎవరు చెప్పినా వినకండి.

తర్వాతి ప్లాన్: నాకూ పిట్టకూ మధ్య బండ రాకుండా పై గుండు మీద నుంచి కిందికి తీయాలి. వాలులో ఒక జువ్విచెట్టుకు కాయలు ఎర్రబడుతున్నాయి, దానికి 15 మీటర్ల దూరంలో పొద కూడా ఉంది. కాయలు పండే వారం అక్కడే కూర్చుంటాను. అదీ కుదరకపోతే జూలైలో, మబ్బు పట్టి వాన కురిసిన మర్నాడు, బండ చల్లబడి ఉన్నప్పుడు. ఇన్‌ఫ్రారెడ్ గన్ మాత్రం బ్యాగులోనే ఉంటుంది, ప్రతి ఫోటోతో పాటు బండ వేడి, గాలి వేడి రాసుకుంటాను. డిసెంబరులో తలకోన అడవికి, రాత్రిపూట తిరిగే దేవాంగపిల్లి (స్లెండర్ లోరిస్) కోసం. రాత్రిపూట నడవడానికి అటవీశాఖ అనుమతి కావాలి, ఆ అర్జీ ఇప్పుడే పెడుతున్నాను. హెడ్‌ల్యాంప్‌కు ఎర్ర కాగితం ఒక పొర చాలదనిపిస్తోంది, రెండు పొరలు వేసి ముందు మా వీధి చివర తోపులో కళ్ళ మెరుపు ఎంత దూరం కనిపిస్తుందో చూడాలి.